పరుగులో గుర్రం, నీళ్లలో రాయి: నలభై దాటినవాళ్లకు ట్రయాథ్లాన్ ఈత ఎలా నేర్పాలి?

కృష్ణాతీరం, విజయవాడ | జూన్ 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్లుగా పిల్లలకు ఈత నేర్పుతున్నాను. ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి నాకు అప్పగిస్తే నెల తిరిగేసరికి చేపలా తిరుగుతాడు. కానీ ఏడాదిగా ట్రయాథ్లాన్ చేస్తామంటూ పెద్దవాళ్లు వస్తున్నారు. వాళ్ల దగ్గర నా విద్య పారడం లేదు.

ఒక శిష్యుడి సంగతి చెబుతాను. 43 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. హాఫ్ మారథాన్ గంటా యాభై నిమిషాల్లో పూర్తి చేస్తాడు. సైకిల్ మీద వంద కిలోమీటర్లు వెళ్లొచ్చి ఆఫీసుకు పోతాడు. అదే మనిషి పాతిక మీటర్ల కొలనులో ఆ చివరికి చేరేసరికి గట్టు పట్టుకుని రొప్పుతున్నాడు. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయాథ్లాన్ పోటీకి పేరు ఇచ్చేశాడు, ఇంకా ఇరవై వారాలుంది. సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈది, గంటా పది నిమిషాల లోపు ఒడ్డెక్కాలి. ఆ తర్వాత 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు.

పిల్లలకు ఇచ్చినట్టే ఇతనికీ చేతులతో పట్టుకుని తేలే పలక, కిక్ బోర్డు ఇచ్చి రోజూ 400 మీటర్లు కాళ్లు ఆడించమన్నాను. దమ్ము పెరగాలని మీటర్లు పెంచుకుంటూ పోయాను. నిన్న కొలను మధ్యలో ఆగిపోయి లేన్ తాడుకు వేలాడాడు. పైకొచ్చాక, "సార్, దమ్ము లేక కాదు. తల నీళ్లలో పెట్టగానే ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంటోంది" అన్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. రోగం ఒకటైతే నేను వేరేదానికి మందు ఇస్తున్నానేమో అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డాలస్_మాస్టర్స్, టెక్సాస్ | జూన్ 9, రాత్రి 11:40

కోచ్ గారూ, మీ శిష్యుడి మాట చదువుతుంటే నన్ను నేను చూసుకున్నట్టుంది. మాది గుడివాడ దగ్గర పల్లె. చిన్నప్పుడు మా బాబాయి నా వీపుకి మునగబెండ్లు కట్టి దిగుడు బావిలో తోశాడు. మూతి పైకి పెట్టి కుక్క ఈత ఈదడం వచ్చింది, అంతే. 38 ఏళ్లప్పుడు ఇక్కడ మాస్టర్స్ బృందంలో, అంటే పెద్దవాళ్ల ఈత బృందంలో, చేరితే మొదటి రోజే నీరసం వచ్చి కూలబడ్డాను.

అక్కడి కోచ్ నన్ను ఈదమనలేదు. ఛాతీ లోతు నీళ్లలో నిలబెట్టి, ముఖం ముంచి, ముక్కుతో బుడగలు వదలమంది. ఒక్క ఉదుటున కాదు, సన్నగా, ఆగకుండా. రెండు వారాలు దాదాపు అదే పని. మీ శిష్యుడు తల లోపల ఉన్నప్పుడు బుడగలు వస్తున్నాయా? రేపు అదొక్కటే చూడండి. పందెం వేసి చెబుతాను, రావు. ఊపిరి బిగబట్టి ఈదుతుంటాడు. తల తిప్పిన అర సెకనులో పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరవు.

డాక్_గుంటూరు | జూన్ 10, ఉదయం 6:05

పైవారు చెప్పిందే అసలు సంగతి. గాలి కావాలన్న ఆరాటం ముఖ్యంగా పుట్టేది ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల. బిగబట్టి ఈదేవాడి ఒంట్లో ఆక్సిజన్ బోలెడు ఉంటుంది. అయినా మెదడు "మునిగిపోతున్నావు" అని కేక వేస్తుంది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించేది చాలావరకు అందుకే. పరుగులో ఎంత దమ్మున్నా ఇక్కడ అక్కరకు రాదు.

"చాలావరకు" అన్న మాట కావాలనే వాడాను. వయసు 43, ఛాతీలో బరువు. ముందు గుండె పరీక్ష చేయించండి. ఈసీజీ, అవసరమైతే ఎకో, ట్రెడ్‌మిల్. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయాథ్లాన్ పోటీల్లో జరిగిన హఠాన్మరణాలు, గుండె ఆగిన సంఘటనలు, ప్రమాదాల్లో దెబ్బలు తగిలి పోయినవి అన్నీ కలిపి లెక్కిస్తే 135. వాటిలో 90 ఈత దశలోనే జరిగాయి. ఎక్కువమంది నలభై దాటిన మగవాళ్లు. భయపెట్టడానికి చెప్పడం లేదు. రిపోర్టు చేతికి వచ్చేదాకా అతనికి గట్టి సెట్లు వద్దు.

ఒడ్డునే_ఉంటా, రాజమండ్రి | జూన్ 10, ఉదయం 9:20

నేను కొలను దగ్గర లైఫ్ గార్డుని. ఊపిరి గురించి మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. కొందరు కోచ్‌లు "ఊపిరి పెరగాలి" అని నీటి అడుగున ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్లమంటారు. దానికి ముందు కుర్రాళ్లు గబగబా పది ఊపిర్లు తీస్తారు. అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ ముందే పడిపోతుంది. ఆరాటం పుట్టకుండానే ఆక్సిజన్ అయిపోయి స్పృహ తప్పుతుంది. చేతులు కొట్టుకోవడం, అరవడం ఏమీ ఉండవు. చప్పుడు లేకుండా అడుక్కి పోతారు. రెండేళ్ల కిందట ఒకణ్ణి నేను పైకి తీశాను, పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. బతికాడు. దయచేసి ఎవరికీ ఆ అభ్యాసం ఇవ్వకండి.

ఓఆర్ఆర్_సైకిల్, హైదరాబాద్ | జూన్ 10, మధ్యాహ్నం 1:15

నాది కొంచెం వేరే మాట. మొత్తం పోటీకి ఎనిమిదిన్నర గంటల గడువు. అందులో ఈత గంట. సైకిల్ మీద మూడు గంటలు దాటి ఉంటాం, పరుగు రెండు గంటలపైనే. ఈత మీద ఇంత ప్రాణం పెట్టడం ఎందుకు? అతని బలం సైకిలు, పరుగు. వాటిని ఇంకా పదును పెడితే సరిపోతుంది కదా. ఈత ఎలాగోలా గట్టెక్కితే చాలు.

సాగరతీర, విశాఖపట్నం | జూన్ 10, మధ్యాహ్నం 2:03

అన్నా, గడువు లోపల గట్టెక్కనివాణ్ణి సైకిలు ముట్టుకోనివ్వరు. అక్కడితో ఆట ముగిసినట్టే. గోవాలో నేను ఈది వచ్చాను కాబట్టి చెబుతున్నాను. గంటా పది నిమిషాల్ని 1900 మీటర్లకు పంచితే వందకి 3 నిమిషాల 41 సెకన్లు. వినడానికి సులువే. కానీ సముద్రంలో మీరు 1900 ఈదరు. నేరుగా పోతున్నామనుకుంటూ వంకరటింకరగా పోతాం. పది శాతం పెరిగితే దాదాపు 2100. వందకి 3:15 చొప్పున ఈదినా 68 నిమిషాలు దాటుతుంది. మిగిలేది రెండు నిమిషాలు కూడా కాదు.

పైగా మొదటి గంటలో ఒళ్లు హూనమైతే ఆ అప్పు సైకిలు మీద, పరుగులో వడ్డీతో తీర్చాలి. నేను మొదటిసారి ఉప్పునీళ్లు మింగి, సైకిలు మీద గంటన్నర ఏమీ తినలేకపోయాను. పదిహేనో కిలోమీటరు నుంచి నడకే.

ఓఆర్ఆర్_సైకిల్, హైదరాబాద్ | జూన్ 10, మధ్యాహ్నం 2:30

ఆ కోణంలో ఆలోచించలేదు మేడమ్. ఒప్పుకుంటున్నాను. గంటకి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ తినాలని ప్లాన్ వేసుకుని, కడుపు తిప్పి శక్తినిచ్చే జెల్ ఒక్కటి కూడా దిగనివాళ్లను నేనూ చూశాను. అది ఈతలో మొదలైన జబ్బని ఇప్పుడు అర్థమవుతోంది.

ఓరుగల్లు_కోచ్ | జూన్ 10, రాత్రి 8:45

కృష్ణాతీరం గారూ, నేను ట్రయాథ్లాన్ వాళ్లకే కోచింగ్ ఇస్తాను. మీ కిక్ బోర్డు సంగతి మాట్లాడుకుందాం.

నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కన. కాబట్టి బలం పెంచడం కంటే అడ్డు తగ్గించడం మీద పనిచేస్తే ఫలితం ఎక్కువ. మన ఒంట్లో ఊపిరితిత్తులే బెండు. అవి ఛాతీలో ఉన్నాయి. పరుగుల మనిషికి తొడలు, పిక్కలు గట్టి కండ, కొవ్వు తక్కువ. ఛాతీ తేలుతుంది, కాళ్లు దిగుతాయి. దానికి తోడు గాలి కోసం తల పైకెత్తుతాడు. తల ఒక బెత్తెడు లేస్తే నడుం రెండు బెత్తెలు దిగుతుంది. అప్పుడతను ఈదడం లేదు, నీళ్లలో మెట్లెక్కుతున్నాడు.

రేపు ఒక పరీక్ష చేయండి. గట్టు మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి పాదం వేళ్లు ముందుకు వంచమనండి. మీ పిల్లలకు పాదం కాలితో ఒకే గీతలోకి వస్తుంది. అతనికి రాదు. ఏళ్ల తరబడి పరుగెత్తిన చీలమండ బిర్రుగా ఉంటుంది, పాదం కొక్కెంలా నిలబడుతుంది. అలాంటి పాదంతో కిక్ బోర్డు పట్టుకుని తన్నితే ముందుకు పోకపోగా వెనక్కి జరిగినవాళ్లను నేను చూశాను. తొడలు ఒంట్లో అతి పెద్ద కండరాలు, ఆక్సిజన్‌ను తాగేస్తాయి. ఆ 400 మీటర్లు అతనికి శిక్ష.

ట్రయాథ్లాన్ ఈతలో కాళ్లు బ్యాలెన్స్ కోసమే. చెయ్యికొక తన్ను చాలు. మిగతా బలం సైకిలుకి దాచుకోవాలి.

కృష్ణాతీరం, విజయవాడ | జూన్ 11, రాత్రి 9:50

చూశాను. బుడగలు రావడం లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. మూడు నెలలుగా నా కళ్ల ముందే ఈదుతున్నాడు, నేను చేతుల్ని చూశాను, కాళ్లను చూశాను, ముఖం ముందు నీళ్లను చూడలేదు. పాదం కూడా మీరన్నట్టే ఉంది. పిల్లలకు ఇవేవీ నేర్పే అవసరం రాలేదు, వాళ్లకు అవి ఆటలోనే వచ్చేస్తాయి. కిక్ బోర్డు పక్కన పెట్టేశాను. గుండె పరీక్ష ఈ శనివారం.

ఒక సందేహం. కాళ్లు మునుగుతున్నాయి కదా, తొడల మధ్య పుల్ బాయ్ (కాళ్లను తేల్చే బెండు) పెట్టి ఈదించనా?

డాలస్_మాస్టర్స్, టెక్సాస్ | జూన్ 11, రాత్రి 11:15

పెట్టండి. ఇక్కడ మేం సగం దూరం దానితోనే ఈదుతాం.

ఓరుగల్లు_కోచ్ | జూన్ 12, ఉదయం 5:30

డాలస్ గారూ, అక్కడ మీరు పోటీలో వెట్‌సూట్, అంటే ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్, వేసుకుంటారు. అది కాళ్లను తేలుస్తుంది, పుల్ బాయ్‌తో చేసిన సాధన దానికి సరిపోతుంది. ఐరన్‌మ్యాన్ పోటీల్లో మనలాంటి వయోవర్గం వాళ్లకు నీటి వేడి 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ వేసుకుని బహుమతులకు పోటీపడే వీల్లేదు, ఇంకా వెచ్చనైతే అసలు వేసుకోనివ్వరు. గోవా సముద్రం అంతకంటే వెచ్చన. పుల్ బాయ్ తీసేసిన రోజు కాళ్లు మళ్లీ దిగుతాయి. నేను పది నిమిషాలకు మించి ఇవ్వను. అదీ నీళ్లలో సమంగా పడుకోవడం ఎలా ఉంటుందో ఒళ్లు రుచి చూడటానికి. వెంటనే తీసేసి అదే అనుభూతితో రెండు పొడవులు ఈదమంటాను.

డాలస్_మాస్టర్స్, టెక్సాస్ | జూన్ 12, ఉదయం 6:10

నిజమే. నా మునగబెండ్ల కథా అదే. బెండ్లు విప్పిన రోజు మళ్లీ మునిగాను.

పాలమూరు_పరుగు | జూన్ 12, ఉదయం 7:00

నాకు 46. నీళ్లంటే భయం. ఈ వయసులో మొదలుపెట్టవచ్చా?

సాగరతీర, విశాఖపట్నం | జూన్ 12, ఉదయం 7:25

హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల గారు పెద్దయ్యాకే ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో, శ్రీలంక నుంచి మన ఒడ్డు వైపు పాక్ జలసంధి ఈదారు. పదమూడు గంటలకు పైగా నీళ్లలోనే. మీరు నిశ్చింతగా మొదలుపెట్టండి.

ఆడవాళ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. నేను నేర్చుకున్న కొలనులో మహిళల సమయం మధ్యాహ్నం రెండు నుంచి మూడు. ఉద్యోగం చేసే ఆడమనిషి ఆ ఎండలో, ఆ వేళ ఎలా వస్తుంది? ఆర్నెల్లు సెలవులు పెట్టుకుంటూ నేర్చుకున్నాను. కోచ్‌లు ఎవరైనా చదువుతుంటే, తెల్లవారుజామున ఒక లేన్ ఆడవాళ్లకు ఇప్పించండి. అది చాలు, మేం వస్తాం.

కృష్ణాతీరం, విజయవాడ | జూలై 21, రాత్రి 9:30

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. గుండె పరీక్షలన్నీ బాగున్నాయి. మొదటి పది రోజులు బుడగలు, బోర్లా తేలడం, గోడను తన్ని బాణంలా జారడం, ఇవే. తర్వాత పక్కకి ఒరిగి ఒక చెయ్యి ముందుకు చాపి ఆరు తన్నులు, ఒక చేతి వేటు, మళ్లీ ఆరు తన్నులు. పాదాలకు రబ్బరు రెక్కలు (ఫిన్స్) తొడిగించి చేయించాను, చీలమండ బిగువు అడ్డు రాకుండా.

ఇరవై మూడో రోజున ఒక సంగతి జరిగింది. యాభై మీటర్లు ఈది గోడ దగ్గర ఆగి నా వైపు చూశాడు. రొప్పడం లేదు. "ఇంకోటి వెళ్లనా సార్?" అన్నాడు. వెళ్లమన్నాను. వెళ్లాడు. అలా ఆగకుండా 300 మీటర్లు. గట్టు మీద నా చేతిలో టీ చల్లారిపోయింది.

ఇప్పుడు వారానికి ఎన్నిసార్లు ఈదించాలి, వేగం సంగతి ఏమిటి, సముద్రం సాధన ఎలా?

ఓరుగల్లు_కోచ్ | జూలై 22, ఉదయం 5:45

చాలా సంతోషం. వారానికి మూడుసార్లు, ఒక్కోటి నలభై ఐదు నిమిషాలు. ఆదివారం ఒక్కసారే మూడు వేల మీటర్లు ఈదడం కంటే ఇది మేలు. నీటి స్పర్శ నాలుగు రోజుల్లో పోతుంది.

వేగానికి ఒక పరీక్ష. ఒళ్లు వేడెక్కాక 400 మీటర్లు గట్టిగా ఈదించి టైమ్ రాయండి. బాగా తేరుకున్నాక 200. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి సగం చేస్తే వంద మీటర్ల పేస్, అంటే వందకి పట్టే సమయం, వస్తుంది. ఇదే సీఎస్ఎస్ (క్రిటికల్ స్విమ్ స్పీడ్), ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగం. పది సార్లు వంద మీటర్లు, మధ్య ఇరవై సెకన్ల విశ్రాంతి, అదే పేస్‌లో. మొదటి వందకీ పదో వందకీ మూడు సెకన్లకు మించి తేడా రాకూడదు. మన పరుగులవాళ్లు మొదటి రెండూ ఎగబడి కొట్టి చివర చతికిలబడతారు, అక్కడ మీరు గట్టిగా ఉండాలి.

మొత్తం వారం చూస్తే ఎక్కువ భాగం తేలిగ్గానే సాగాలి. క్రీడా శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ మేటి క్రీడాకారుల శిక్షణను పరిశీలించి చెప్పింది అదే, పదిలో దాదాపు ఎనిమిది సెషన్లు మాట్లాడుకుంటూ చేయగలిగేంత నెమ్మది. మీవాడికి ఉద్యోగం ఉంది, ఇంట్లో పిల్లలున్నారు. నిద్ర ఎన్ని గంటలో రోజూ అడగండి. ఆరు గంటల లోపైతే ఆ రోజు గట్టి సెట్ తీసేయండి, సంకోచం వద్దు.

కృష్ణాతీరం, విజయవాడ | జూలై 22, రాత్రి 9:10

సముద్రానికి ముందు కృష్ణలో, బ్యారేజీకి ఎగువన ఈదిద్దామనుకుంటున్నాను.

ఒడ్డునే_ఉంటా, రాజమండ్రి | జూలై 22, రాత్రి 9:32

ఇప్పుడు వద్దు సార్. వరద రోజులు. గేట్లు ఎత్తితే నీటి లాగుడు మన చేతిలో ఉండదు. మా గోదారిదీ అదే తీరు, ఎర్రనీళ్లు దిగాక ఎంత గజ ఈతగాడైనా ఒడ్డునే ఉంటాడు. నీరు తేటపడ్డాక, వెంట పడవ పెట్టుకుని.

సాగరతీర, విశాఖపట్నం | జూలై 23, ఉదయం 6:40

అక్టోబరులో విశాఖ తీసుకురండి. ఆర్కే బీచ్ మాత్రం వద్దు. అక్కడ నీటిని లోపలికి లాగే రిప్ ప్రవాహాలు ఉంటాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక తిరగాలి. ఇది మీ శిష్యుడు నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. మేం రుషికొండ దగ్గర, పోటు పాటు తెలిసిన మత్స్యకారుల్ని అడిగి, వాళ్ల పడవ తోడుతో దిగుతాం.

ఈలోగా కొలనులోనే సముద్రం చూపించవచ్చు. ఒకే లేన్‌లో నలుగుర్ని పక్కపక్కన ఈదించండి, చేతులు తగలనివ్వండి. కళ్లజోడు జారిపోతే వెల్లకిలా తిరిగి సర్దుకోవడం నేర్పండి. పది వేట్లకోసారి మొసలిలా కళ్లు మాత్రం నీటి పైకి తెచ్చి ముందుకు చూడటం, గాలి మాత్రం పక్కకి తిప్పే తీసుకోవడం. రెండూ కలిపి చేస్తే తల లేస్తుంది, కాళ్లు దిగుతాయి.

కృష్ణాతీరం, విజయవాడ | సెప్టెంబరు 15, రాత్రి 10:00

400 మీటర్లు 10:48, 200 మీటర్లు 5:10. తేడా 5:38, సగం చేస్తే 2:49. ఆ నోటు పుస్తకం పేజీ ఇంట్లో మా ఆవిడకి కూడా చూపించాను.

సాగరతీర, విశాఖపట్నం | అక్టోబరు 6, సాయంత్రం 5:20

ఇవాళ రుషికొండలో దిగారు. మొదటి అలకి మీ శిష్యుడు గట్టిగా బిగుసుకుపోయాడు. నేను పక్కనే ఉన్నాను. ఒడ్డు నుంచి మీరు వేసిన కేక వినిపించింది, "బుడగలు!" అని. ముఖం ముంచాడు. నాలుగో వేటుకి భుజాలు వదులయ్యాయి. 1200 మీటర్లు ఈదాడు, మధ్యలో రెండుసార్లు పడవ పట్టుకుని.

బ్యాంకు_బోర్లా, విజయవాడ | అక్టోబరు 29, మధ్యాహ్నం 12:05

అందరికీ నమస్కారం. ఈ చర్చలో మీరంతా మాట్లాడుకుంటున్న శిష్యుణ్ణి నేనే. సార్ మొన్ననే ఇదంతా చూపించారు, కూర్చుని మొత్తం చదివాను.

గోవాలో ఈత గంటా నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. వాచీలో 2080 మీటర్లు చూపించింది, మేడమ్ లెక్క దాదాపు సరిపోయింది. మొదటి మలుపు దగ్గర ఎవరిదో మడమ తగిలి కళ్లజోడు పక్కకి పోయింది. వెల్లకిలా తిరిగాను, ఆకాశం కనబడింది, జోడు సర్దుకున్నాను, మళ్లీ బోర్లా. అంతే. జూన్‌లో అయితే అక్కడే చెయ్యెత్తి పడవను పిలిచేవాణ్ణి. నీళ్లలోంచి లేచి ఇసుక మీద నడుస్తుంటే కడుపులో ఆకలి తెలిసింది. సైకిలు ఎక్కిన పావుగంటకి ఖర్జూరాలు తిన్నాను. మొత్తం 7 గంటల 12 నిమిషాలు.

డాక్ గారూ, మా నాన్నకి యాభై రెండేళ్లప్పుడు గుండెపోటు వచ్చింది. మీరు చెప్పకపోతే నేను ఆ పరీక్షలు చేయించుకునేవాణ్ణి కాదు.

డాక్_గుంటూరు | అక్టోబరు 29, మధ్యాహ్నం 1:30

శుభాకాంక్షలు. ఇంట్లో ఆ చరిత్ర ఉందంటే ఏడాదికోసారి పరీక్ష తప్పదు. కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి.

పాలమూరు_పరుగు | అక్టోబరు 29, రాత్రి 8:15

జూన్‌లో అడిగింది నేనే. మా దగ్గర కొలనులో చేరాను. నాలుగు వారాలైంది, ముఖం ముంచడం అలవాటైంది. బుడగలు వదిలేటప్పుడు చివర్లో ముక్కులోకి నీళ్లు పోతున్నాయి. ఏం చెయ్యాలి?

కృష్ణాతీరం, విజయవాడ | అక్టోబరు 29, రాత్రి 8:40

గాలి మొత్తం ఖాళీ చేసేస్తున్నారు. ముఖం నీటిని దాటేదాకా కొంచెం మిగుల్చుకోండి, "మ్మ్..." అంటూ మూలిగినట్టు వదలండి, మూలుగు ఆగకుండానే తల తిప్పండి. రేపు నిలబడి ఇరవై సార్లు చేసి, ఎలా ఉందో ఇక్కడే రాయండి.